టైంటేబుల్ చూపించమని అడగండి: కాన్వెంటు చదువులపై పాఠకుల ప్రశ్నలు

బడులు తెరిచే జూన్ దగ్గర పడితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద ఉంటాయి: ఆడపిల్లను సిస్టర్ల బడిలో చేర్పించాలా, వద్దా? ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాటిలో ఆరింటిని ఎంచుకున్నాను. నేను సిస్టర్లు నడిపే ఒక బాలికల ఉన్నత పాఠశాలలో 31 సంవత్సరాలు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను, క్రైస్తవురాలిని కాను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పడం న్యాయమనుకుంటాను. నా జవాబుల్లో ఆ బడి మీద మమకారమూ, అక్కడి కొన్ని పద్ధతుల మీద ఇంకా చల్లారని కోపమూ రెండూ కనిపిస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో తరగతిలో సిస్టర్లు నడిపే బాలికల పాఠశాలలో సీటు దొరికింది. క్రమశిక్షణ బాగుంటుందని అందరూ అంటున్నారు. మా అమ్మగారు మాత్రం "రోజూ ప్రార్థనలు చేయించి పిల్లను వాళ్ల మతంలో కలిపేసుకుంటారు" అని అడ్డుపడుతున్నారు. మతబోధ క్లాసులో కూర్చోవడం తప్పనిసరా? (ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. మన వైపు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఏదైనా సరే, అద్దె ఇంట్లో నాలుగు గదుల్లో నడిచేదైనా సరే, జనం నోట్లో కాన్వెంటే. క్రైస్తవులు పెట్టిన బడి ఏదైనా మిషన్ స్కూలే. మీ ఊళ్లో ఈ గందరగోళం మరీ ఎక్కువ, ఎందుకంటే ఒంగోలు పాత మిషన్ సంస్థలు అమెరికన్ బాప్టిస్టులవి. 1866లో ఒంగోలు వచ్చి, 1876 నాటి కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించిన మిషనరీ క్లౌ దొర బాప్టిస్టు. అసలు కాన్వెంటు అంటే మఠకన్యలు నివసించే మఠం. దాన్ని ఆనుకుని వాళ్లు నడిపే బడికి ఆ పేరు వచ్చింది, అది క్యాథలిక్కుల పద్ధతి. ఈ రెండు జిల్లాల క్యాథలిక్ సంఘాలకు కేంద్రమైన నెల్లూరు మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) 1928లో ఏర్పడింది. మన వైపు బడుల్లో కనిపించే జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్లు హాలెండు నుంచి 1904లో గుంటూరు వచ్చిన మఠకన్యల సభకు చెందినవారు. మీ అమ్మగారి భయం ఏ బడి గురించో ముందు తేల్చుకోవడానికి ఇదంతా పనికొస్తుంది.

ఇక అసలు ప్రశ్న. రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు పొందే ఏ విద్యాసంస్థలోనైనా, మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కావాలని నిర్బంధించకూడదు. ఆచరణలో నేను చూసింది చెబుతాను. వారానికి రెండు పీరియడ్లు క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశం, అంటే మతబోధ, క్లాసుకు వేరే గదికి వెళతారు. అదే సమయంలో మిగిలినవారికి నీతిపాఠం ఉంటుంది. ఉదయం అసెంబ్లీలో ఒక ప్రార్థన గీతం, ప్రతిజ్ఞ, వార్తలు అందరికీ కలిపే ఉంటాయి. చేతులు జోడించి నిలబడితే చాలు. పెద్ద పండుగలకు దివ్యబలి పూజ జరిగినప్పుడు ఇతర మతాల పిల్లలు వెనక వరుసల్లో కూర్చుంటారు, పూజలో పంచే సత్ప్రసాదం తీసుకోరు. నా సర్వీసులో వేలమంది హిందూ, ముస్లిం పిల్లలు ఆ గేటు దాటి వెళ్లారు. వాళ్లలో నాకు తెలిసి మతం మారిన పిల్ల లేదు. జపమాల అంటే ఏమిటో తెలిసినవాళ్లు, క్రిస్మస్ నాటికలో మూడేళ్లు వరసగా గొర్రెల కాపరి వేషం వేసినవాళ్లు మాత్రం బోలెడుమంది ఉన్నారు.

అడ్మిషన్ రోజున క్లాసు టైంటేబుల్ చూపించమని అడగండి. సత్యోపదేశం, నీతిపాఠం విడివిడిగా రాసి ఉంటే మీ అమ్మగారికి అదే చూపించండి. రాసి లేకపోతే హెచ్.ఎం. సిస్టరును మర్యాదగా అడిగి, మీ సమ్మతి గాని అసమ్మతి గాని కాగితం మీద పెట్టండి. ఇంకొక చిన్న సంగతి: క్రైస్తవ మిషనరీ బడులకు దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. మీ మిగతా పిల్లలు వేరే బడిలో ఉంటే దసరాకు అమ్మమ్మగారి ఊరి ప్రయాణం దగ్గర గొడవ వచ్చేది దీంతోనే, మతంతో కాదు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో స్థిరపడ్డాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాపను తన దగ్గరకు తీసుకెళ్లి, వాళ్ల ఇంటికి దగ్గరలో ఉన్న క్యాథలిక్ బాలికల "కాలేజ్ ప్రిపరేటరీ" స్కూల్లో చేర్పిస్తానంటున్నాడు. కాలేజ్ ప్రిపరేటరీ అంటే మన ఎంసెట్ కోచింగ్ వంటిదా? అక్కడ చదువు ఎలా ఉంటుంది? తిరిగి వస్తే ఇక్కడ పనికొస్తుందా? (ఒక తల్లి, కావలి)

జవాబు: పేరు చూసి మోసపోయేది ఇక్కడే. అది కోచింగ్ కాదు. అక్కడ తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు తరగతులను హైస్కూలు అంటారు. కాలేజ్ ప్రిపరేటరీ అంటే, చదువు ముగించిన ప్రతి పిల్లా నాలుగేళ్ల డిగ్రీ కాలేజీలో చేరేటట్లు కోర్సులను అమర్చిన హైస్కూలు అని అర్థం. క్యాథలిక్ సిస్టర్లు అమెరికాలో ఆడపిల్లలకు బడులు పెట్టడం చాలా పాత సంగతి; న్యూ ఆర్లీన్స్‌లో ఉర్సులిన్ సిస్టర్లు 1727లో ప్రారంభించిన బాలికల పాఠశాల నేటికీ నడుస్తున్నది.

చదువు తీరు మన పిల్లలకు కొత్తగా ఉంటుంది. మన దగ్గర మార్చిలో జరిగే ఒక్క పరీక్ష సంవత్సరమంతటినీ తేలుస్తుంది. అక్కడ అటువంటి ఒకే రోజు లేదు. వారం వారం పెట్టే చిన్న పరీక్షలు, ఇంటిపని, ల్యాబ్ రిపోర్టు, వ్యాసం, తరగతిలో మాట్లాడిన తీరు అన్నీ కలిసి గ్రేడు అవుతాయి, నాలుగేళ్ల గ్రేడ్ల సగటును జీపీఏ అని 4 పాయింట్ల మీద లెక్కగడతారు. కాలేజీవాళ్లు చూసేది ఆ నాలుగేళ్ల చిట్టా మొత్తాన్ని. అందువల్ల తొమ్మిదో తరగతి మొదటి మూడు నెలల్లో, పాపకు ఇంకా అక్కడి యాస చెవికి అలవాటు పడకముందే, పడిన గ్రేడు కూడా చివరిదాకా వెంట వస్తుంది. మన పిల్లలు "పదో తరగతిలో చూసుకుందాంలే" అన్నట్లు "చివర్లో చూసుకుందాం" అనుకుంటే అక్కడ చెల్లదు.

ఇంగ్లీషు, లెక్కలు సాధారణంగా నాలుగేళ్లూ ఉంటాయి. సైన్సు, చరిత్ర, ఒక విదేశీ భాష, ఏదో ఒక కళ, వ్యాయామం వాటికి తోడు. తెలివైన పిల్లలు పై తరగతుల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు తీసుకుంటారు. వాటిని క్లుప్తంగా ఏపీ అంటారు. మీ తమ్ముడు ఫోనులో "పాప ఏపీ చదవాలి" అంటే మన రాష్ట్రం అనుకోకండి. అవి కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి పాఠాలు. మే నెలలో పరీక్ష జరుగుతుంది, 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు, మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు ఆ కోర్సును అక్కడ మళ్లీ చదవనక్కరలేదంటాయి. ఇది గాక కాలేజీ ప్రవేశానికి రాసే 1600 మార్కుల శాట్ పరీక్ష ఉంది. మన పిల్లలు లెక్కల్లో ముందే ఉంటారు, దిగులు లేదు. వాళ్లకు నిజంగా కష్టమయ్యేది వ్యాసం. ఒక పుస్తకం చదివి, అందులో రచయిత చెప్పినదానితో తాను ఎందుకు ఏకీభవించడం లేదో నాలుగు పేజీల్లో సొంతంగా రాయమంటారు. మన దగ్గర గైడులోని జవాబును అక్షరం పొల్లుపోకుండా రాస్తే పూర్తి మార్కులు. అక్కడ అదే పని చేస్తే దొంగతనంగా లెక్కగట్టి ఇంటికి కబురు పంపిస్తారు. మా పాత విద్యార్థిని ఒకామె అక్కడ టీచరుగా పనిచేస్తూ నాకు మొదట చెప్పిన సంగతి ఇదే.

క్యాథలిక్ స్కూలు కనుక మతశాస్త్రం ఒక సబ్జెక్టు. మన దగ్గరలా వేరే గదికి వెళ్లే ఏర్పాటు అక్కడ సాధారణంగా ఉండదు. ఏ మతం పిల్లయినా ఆ క్లాసు చదివి గ్రేడు తెచ్చుకోవలసిందే, పూజ జరిగినప్పుడు హాజరు కావలసిందే, సత్ప్రసాదం మాత్రం క్యాథలిక్కులకే. మన 28వ అధికరణం సముద్రం దాటదు. పై తరగతుల్లో ప్రపంచ మతాల పాఠం ఉన్న చోట హిందూ ధర్మం గురించి చెప్పవలసిన బాధ్యత మీ పాప మీదే పడవచ్చు, కాస్త చదివించి పంపండి. ఇంకా సేవా గంటలని ఉంటాయి. వృద్ధాశ్రమంలోనో, అన్నదానం చేసే వంటశాలలోనో ఇన్ని గంటలు పనిచేసినట్లు సంతకం తెస్తేనే హైస్కూలు డిప్లొమా చేతికి వస్తుంది. రిట్రీట్ అని ఒకటి రెండు రోజులు ఫోనులు పక్కన పెట్టి పిల్లలంతా కలిసి ఉండే కార్యక్రమం కూడా ఉంటుంది. గళ్ల పరికిణీ వంటి కురచ స్కర్టు యూనిఫాం చూసి మీ అత్తగారు ఏమంటారో నాకు తెలియదు గాని, చాలా చోట్ల ప్యాంటు వేసుకునే వీలు కూడా ఇస్తున్నారు.

ఇక మీ తమ్ముడితో కూర్చుని తేల్చుకోవలసినవి. చాలా క్యాథలిక్ హైస్కూళ్లు ఎనిమిదో తరగతిలో ఉండగానే హెచ్.ఎస్.పి.టి. వంటి ప్రవేశ పరీక్ష పెడతాయి, కాబట్టి తరగతి పూర్తయ్యాక బయలుదేరితే ఆలస్యమవుతుంది. మేనమామ అక్కడ ఉన్నాడు కదా అని పాప ఊరికే వెళ్లి చదవడానికి వీలులేదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా కావాలి, అందుకు ఐ-20 పత్రం ఇవ్వగల అనుమతి ఆ స్కూలుకు ఉండాలి. ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్లో 12 నెలలకు మించి చదవనివ్వరు, ఆ కాలానికి కూడా పూర్తి ఖర్చు మనమే కట్టాలి. కాబట్టి ఫీజు భారమై మధ్యలో ప్రభుత్వ బడికి మార్చుకుందామంటే దారి మూసుకుపోతుంది. నాలుగేళ్ల ఫీజు ఎవరు భరిస్తారో, అక్కాతమ్ముళ్ల మధ్య మొహమాటం లేకుండా, ముందే మాట్లాడుకోండి.

చాలామంది ఆలోచించని ముడి ఒకటి మిగిలింది. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, మెడికల్ కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులవి. కావలి వాళ్లు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తారు. పక్కనే ఉన్న ఒంగోలువాళ్లేమో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి. స్థానికతను ప్రధానంగా తేల్చేది ఇంటరుతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాల చదువు. తొమ్మిది నుంచి పన్నెండు సరిగ్గా ఆ నాలుగు సంవత్సరాలే. డాక్టరు చదువు ఇక్కడ చదివించాలనే ఆలోచన ఏ మూలనున్నా, పాప అక్కడ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చివరి రెండేళ్లూ తీసుకునేటట్లు చూడాలి, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానార్హత పత్రం తెచ్చుకోవాలి, అయినా స్థానికత పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. డిగ్రీ కూడా అక్కడే చదివించే స్తోమత, ఉద్దేశం ఉంటే పంపండి. రెండేళ్లు అక్కడ, తర్వాత చూద్దాం అనుకుంటే నా ఓటు కావలికే.

ప్రశ్న: మా మనవరాలి బడిలో తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా. పిల్ల ఇప్పుడు ఇంటికి వచ్చి మాతో కూడా మాట్లాడడం తగ్గించింది. ఇది న్యాయమేనా? (ఒక తాతగారు, కనిగిరి)

జవాబు: న్యాయం కాదు. ఈ మాట చెప్పే అర్హత నాకు కొంచెం తక్కువ, ఎందుకంటే ఆ జరిమానా డబ్బా నా క్లాసులో కూడా ఉండేది. ఏడేళ్లపాటు నేనే తాళం వేసి తీశాను. పోగైన చిల్లరతో సంవత్సరాంతంలో పిల్లలకు చాక్లెట్లు కొనేవాళ్లం గనుక అది శిక్ష కాదని మాకు మేము చెప్పుకునేవాళ్లం.

డబ్బా పెట్టిన సిస్టర్ల ఉద్దేశం చెడ్డది కాదు. మా బడికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు మాట వినబడేది ఆ నాలుగు గోడల మధ్యనే. అక్కడ కూడా మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతారని వాళ్ల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. కాని ఏడేళ్లు చూశాక నాకు అర్థమైందేమిటంటే, రూపాయి భయం పిల్లలకు ఇంగ్లీషు నేర్పలేదు, నోరు మూసుకోవడం నేర్పింది. అంతకుముందు "టీచర్, ఈ నిష్పత్తి అంటే ఏందో నాకు తెలవలా" అని లేచి నిలబడి అడిగే పిల్ల, డబ్బా వచ్చాక అడగడం మానేసింది. ఆమెకు రేషియో అన్న మాట తెలుసు, అది ఏమిటో తెలియదు. తెలియదని చెప్పడానికి ఇంగ్లీషు చాలలేదు. డబ్బా తీసేసి, రోజుకు ఒక పీరియడు మాత్రం తప్పులైనా సరే ఇంగ్లీషులోనే మాట్లాడాలి, నవ్వినవాళ్లకే శిక్ష అని పెట్టాక రెండు భాషలూ బాగుపడ్డాయి.

మీరు తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లండి, తాతగారూ. అబ్బాయినీ కోడలినీ మాత్రమే పంపకండి. తెలుగులోనే మాట్లాడండి, సిస్టర్లు వింటారు, వాళ్లలో చాలామంది మన పల్లెల ఆడపిల్లలే. పదో తరగతి పబ్లిక్ పరీక్షల 600 మార్కుల్లో తెలుగుకు 100, లెక్కలకూ 100. ఇంగ్లీషు మీడియం పిల్లలు లెక్కల్లో 95 తెచ్చుకుని తెలుగులో 70 దగ్గర ఆగిపోవడం నేను ప్రతి ఏటా చూసేదాన్ని. ఏ బడి అయినా మార్కుల మాట చెబితే చెవి ఒగ్గుతుంది.

ప్రశ్న: పేద పిల్లలకు ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు ఇవ్వాలన్నారు కదా, మా దగ్గరి సిస్టర్ల బడిలో అడిగితే మాకు వర్తించదన్నారు. నిజమేనా? (ఒక చదువరి, ఆత్మకూరు)

జవాబు: నిజమే. ఆ కోటా 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనిది. మైనారిటీలు తమ విద్యాసంస్థలు తామే నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉన్నందున, ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అంతమాత్రాన అడగడం మానకండి. ఫీజు రాయితీలు చాలా కాన్వెంట్లలో నోటీసు బోర్డు మీద ఉండవు, సిస్టరు చేతిలో ఉంటాయి. ఆదాయ ధ్రువపత్రం తీసుకుని, రద్దీ లేని మధ్యాహ్నం వేళ వెళ్లి, కరెస్పాండెంట్ సిస్టరును నేరుగా కలవండి.

ప్రశ్న: మా అమ్మాయి కాన్వెంటులో పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. బైపీసీ తీసుకుంటుంది. సిస్టర్ల జూనియర్ కాలేజీలోనే చేరతానంటుంది. మా వారేమో నెల్లూరులో పేరున్న కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తేనే నీట్ వస్తుందంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఇంకొక భయం కూడా ఉంది: ఇన్నేళ్లు ఆడపిల్లల మధ్యనే చదివింది, రేపు మగపిల్లలతో కలిసి చదవవలసి వస్తే బెదిరిపోదా? (ఒక తల్లి, సింగరాయకొండ)

జవాబు: చివరి భయం ముందు తీరుద్దాం. బెదరదు. మగపిల్లలు లేని బడిలో ఏ పని అయినా ఆడపిల్లే చేయాలి కదా. యాన్యువల్ డేకి బల్లలు మోసి స్టేజి కట్టేదీ, మైకు మొరాయిస్తే వైరు సరిచేసేదీ, ఎస్పీఎల్ (బడి విద్యార్థి నాయకురాలు) ఎన్నికల్లో నిలబడి ఓట్లు అడిగేదీ, ఓడిపోయి మర్నాడు అదే అసెంబ్లీలో వరుసలు సర్దేదీ వాళ్లే. కలిసి చదివే బడుల్లో ల్యాబులో ప్రయోగం అబ్బాయి చేస్తుంటే రీడింగులు అందమైన దస్తూరీతో అమ్మాయి రాసుకోవడం నేను పబ్లిక్ పరీక్షల డ్యూటీలకు వెళ్లినప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆడపిల్లలకు వేరుగా బడి ఉండాలన్న ఆలోచన మన దగ్గర సిస్టర్లు మాత్రమే చేసింది కాదు. పొణకా కనకమ్మగారు నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయాన్ని 1923లోనే నెలకొల్పారు. అక్కడ చదివినవాళ్లూ బెదిరిపోలేదు.

కాలేజీ విషయంలో మీ వారి మాటను కొట్టిపారేయను. నీట్ అంటే 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే మార్కు కోత. ఆ వేగం అలవాటు కావడానికి వారం వారం పరీక్ష రాయాలి, రాసిన దానిలో తప్పులు ఎవరో చూపించాలి. కార్పొరేట్ కాలేజీలు ఈ పనిని యంత్రంలా చేస్తాయి. సిస్టర్ల జూనియర్ కాలేజీలు అనేకం ఇందులో వెనుకబడ్డాయి. లెక్చరర్లు రిటైరైన చోట కొత్తవారు రాక, ఉన్నవారి మీదే భారం పడి, ఫిజిక్స్ సిలబస్ జనవరి దాకా సాగిన సందర్భాలు నాకు తెలుసు. "మా సిస్టర్లు బాగా చూసుకుంటారు" అన్నది మీ అమ్మాయి ప్రేమ, అది నీట్ ర్యాంకు తెచ్చిపెట్టదు.

అయితే మీ వారు బ్రోషరులోని ర్యాంకుల ఫొటోలు చూసి మాట్లాడుతున్నారు. ఆ ఫొటోల్లోని పిల్లలు కూర్చునే సెక్షను వేరు, మీ అమ్మాయికి ఇచ్చే సెక్షను వేరు కావచ్చు. ఏ సెక్షను ఇస్తారో, దానికి పాఠాలు ఎవరు చెబుతారో కాగితం మీద అడగండి. ఆ తర్వాత టైంటేబుల్ అడగండి. తెల్లవారుజామున అయిదున్నరకు మొదలై రాత్రి పదికి ముగిసే పట్టికలో, పిల్ల తనంతట తాను పుస్తకం తెరిచి, ఎవరూ చెప్పకుండా, ఒక లెక్కతో గాని ఒక బొమ్మతో గాని కుస్తీ పట్టే గంట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. స్టడీ అవర్ అని రాసి ఉంటుంది. ఆ గంటలో కూడా రేపటి పరీక్షకు బట్టీ పట్టిస్తుంటే అది స్టడీ అవర్ కాదు. ల్యాబు ఎన్ని పీరియడ్లో చూడండి, ఆటల గంట ఉందో లేదో చూడండి, ఆదివారం ఔటింగ్ ఎన్ని వారాలకొకసారో అడగండి. కాన్వెంటు పిల్లలకు సాయంత్రం నాలుగింటికి త్రోబాల్ కోర్టులో అరిచే అలవాటు ఉంటుంది. అది ఒక్కసారిగా తెగితే మొదటి నెలలో కడుపునొప్పి, రెండో నెలలో నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. నా దగ్గర చదివిన ఒక పిల్లను ఇలాగే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. ఆరు వారాలకు తిరిగి వచ్చింది, కట్టిన ఫీజు తిరిగి రాలేదు. ఆ పిల్ల తర్వాత మామూలు కాలేజీలో చదివి ఇప్పుడు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. అదే తరగతిలోని ఇంకొక పిల్ల అటువంటి కాలేజీలోనే నిలదొక్కుకుని డాక్టరయింది. ఇద్దరూ తెలివైనవాళ్లే.

నా సలహా, మీ ఇంటి పరిస్థితికి సరిపోతే: సిస్టర్ల కాలేజీలో బైపీసీ లెక్చరర్లు పూర్తిగా ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. ఉంటే అక్కడే చేర్పించి, నీట్ పరీక్షల సిరీస్ ఒకటి విడిగా కొనివ్వండి, వారానికొక పేపరు ఇంట్లో గడియారం పెట్టి రాయించండి. మీ వారే ఇన్విజిలేటరుగా కూర్చోవాలి. అంత పట్టుదల ఉన్న మనిషి ఆ మూడు గంటలు ఇవ్వలేరా? లెక్చరర్లు లేకపోతే మాత్రం మమకారం పక్కన పెట్టి నెల్లూరులోనే డేస్కాలరుగా చదివే వీలు, బంధువుల ఇల్లు, చూడండి. రెసిడెన్షియల్‌ను చివరికి ఉంచుకోండి.

ప్రశ్న: మేడం, నేను కాన్వెంటు హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. అన్ని సబ్జెక్టులూ వస్తాయి, లెక్కలంటే మాత్రం చేతులు చల్లబడతాయి. స్టడీ అవర్‌లో సిస్టరు మాట్లాడనివ్వరు. నాకు ఎవరితోనైనా చెప్పుకుంటూ చదివితే గాని ఎక్కదు. గైడులో లెక్కలు అయిదేసి సార్లు చూసి రాస్తున్నాను, అయినా స్లిప్ టెస్టులో మారిస్తే రావడం లేదు. (పదో తరగతి విద్యార్థిని, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలోనే జవాబు ఉంది. "చూసి రాస్తున్నాను" అన్నావు. చూసి అయిదుసార్లు రాస్తే దస్తూరీ బాగుపడుతుంది, లెక్క రాదు. ఒక్కసారి చూడు, గైడు మూసేయి, తెల్ల కాగితం మీద చేయి. ఎక్కడ ఆగిపోతావో ఆ గీత దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టు. నీకు రానిది లెక్క మొత్తం కాదు, ఆ ఒక్క గీత.

ఉదాహరణకు x² + 5x + 6 = 0 చేస్తున్నావనుకో. మధ్య పదాన్ని 2x + 3x గా విడగొట్టడం గైడులో చూశావు, రాశావు. టెస్టులో x² − 5x + 6 ఇస్తే ఆగిపోతున్నావు. రెండు అంకెల్ని కూడితే 5, గుణిస్తే 6 రావాలి కాబట్టి 2, 3 తీసుకున్నామన్న సంగతి నీకు నువ్వు ఒక్కసారి చెప్పుకుని ఉంటే, కూడితే −5 రావాలన్నప్పుడు −2, −3 దానంతటదే తడుతుంది. ప్రతి లెక్కలోనూ "ఈ అడుగు ఎందుకు వేశాం" అని పక్కన తెలుగులో ఒక ముక్క రాసుకో. జరిమానా డబ్బా రాతకు వర్తించదు.

ఒక వంద పేజీల నోటుబుక్కు తీసి దానికి తప్పుల నోటు అని పేరు పెట్టు. స్లిప్ టెస్టులో పోయిన ప్రతి మార్కునూ అందులో ఎక్కించి, పక్కన మూడింటిలో ఒకటి రాయి: తెలియక, మరిచిపోయి, తొందరలో. నాకు తెలిసిన పిల్లల నోట్లలో అన్నింటికంటే ఎక్కువసార్లు కనిపించిన మాట మూడోది. దానికి మందు లెక్కలు ఎక్కువ చేయడం కాదు, చివరి పది నిమిషాలు గుర్తులు సరిచూసుకోవడం. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నపత్రం చదవడానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి 3 గంటల 15 నిమిషాల సమయం ఉంటుంది, చాలుతుంది.

మాట్లాడే సంగతి. స్టడీ అవర్‌లో అరవైమంది ఒకేసారి చెప్పుకుంటూ చదివితే సంతగా మారుతుంది, సిస్టరును తప్పుపట్టకు. కాని రాత్రి భోజనానికి ముందు పావుగంట, క్లాసులో ఖాళీగా ఉండే బోర్డు దగ్గర, నువ్వూ ఇంకొక పిల్లా ఒకరికొకరు ఒక్క లెక్క చెప్పుకోవడానికి అనుమతి అడుగు. ఏ లెక్క చెప్పుకుంటారో ముందే చీటీ మీద రాసి చూపించు. చీటీ చూపించి అడిగిన పిల్లను కాదన్న సిస్టరును నేను చూడలేదు. ఊరికే వెళ్లి "మాట్లాడుకోవచ్చా సిస్టర్" అన్నవాళ్లకు మాత్రం మోకాళ్ల మీద నిలబడే యోగం పట్టేది ఆ రోజుల్లో. దసరాకు ఇంటికి వెళ్లేటప్పుడు తప్పుల నోటు పెట్టెలో సర్దుకో, గైడును హాస్టల్లోనే వదిలిపెట్టు.